జనరల్ లీ: ఒక టీవీ కారు మీద అమెరికాలో తెగని తగవు

1978 నవంబరులో జార్జియా రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, ఒక కాలేజీ ఆవరణలో, నారింజ రంగు కారు ఒకటి ర్యాంపు ఎక్కి గాలిలోకి లేచింది. కింద ఆగి ఉన్న పోలీసు కారు మీదుగా సుమారు 82 అడుగులు ఎగిరి అవతల నేలను గుద్దుకుంది. ముందు భాగం నలిగిపోయింది, చట్రం వంగిపోయింది. ఒక్కసారి చిత్రీకరించిన ఆ దృశ్యమే టైటిళ్లలోకి చేరి, ఏళ్ల తరబడి వారం వారం అమెరికా ఇళ్లలో కనిపించింది.

ధారావాహిక పేరు ‘ది డ్యూక్స్ ఆఫ్ హజార్డ్’. సీబీఎస్ ఛానల్‌లో 1979 జనవరి 26న మొదలై 1985 ఫిబ్రవరి 8న ముగిసింది. మొత్తం 147 భాగాలు. 1980-81లో అమెరికన్లు ఎక్కువగా చూసిన కార్యక్రమాల్లో ‘డల్లాస్’ తర్వాతి స్థానం దీనిదే. కారు పేరు ‘జనరల్ లీ’. అది 1969 మోడల్ డాడ్జ్ చార్జర్. తలుపుల మీద ‘01’ అంకె, పైకప్పు నిండా ఎర్రటి నేల మీద X ఆకారంలో నీలి గీతలూ తెల్ల నక్షత్రాలూ ఉన్న జెండా.

ఇప్పుడు ఆ కారు పేరు ఎత్తితే మూడు మాటలు వినిపిస్తాయి. ‘అది నా చిన్నతనం’ అంటారు ఒకరు. ‘బానిసత్వాన్ని కాపాడుకోవడానికి యుద్ధం చేసినవాళ్ల జెండా మోసిన కారు’ అంటారు మరొకరు. ‘దాన్ని నిషేధించారు కదా’ అంటారు ఇంకొకరు. మూడో మాట పొరపాటు. మొదటి రెండూ నిజాలే, తగవు తెగకపోవడానికి కారణం కూడా అదే. ఎవరూ అబద్ధం చెప్పని తగవును తీర్చడం కష్టం. అందుకే కారును, కథను, జెండాను విడదీసి ఒక్కొక్కటిగా చూడాలి.

కథలో ఆ కారు చేసే పని

హజార్డ్ జార్జియాలోని ఒక కల్పిత కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగమే, కాకపోతే బాగా చిన్నది. బో, ల్యూక్ డ్యూక్ అనే ఇద్దరు యువకులు వరసకు అన్నదమ్ములు, బాబాయి జెస్సీ ఇంట్లో ఉంటారు. ఆ కుటుంబానిది తరతరాలుగా నాటుసారా కాచే వృత్తి. సారా రవాణా చేస్తూ పట్టుబడిన ఈ ఇద్దరినీ కోర్టు కొన్ని షరతులు పెట్టి జైలు బయటే ఉండనిచ్చింది. తుపాకీ పట్టకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. అందుకే వాళ్ల చేతుల్లో విల్లంబులు కనిపిస్తాయి. ఊళ్లో అధికారమంతా బాస్ హాగ్ అనే అవినీతిపరుడిది, అతని మాట జవదాటని షెరిఫ్, అంటే కౌంటీ పోలీసు అధికారి, రోస్కో. వాళ్ల పన్నాగాల నుంచి తప్పించుకోవడానికి అన్నదమ్ములకు మిగిలిన ఆయుధం కారు ఒక్కటే.

ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టిన కథ కాదు. అమెరికా దక్షిణాదిలో దొంగసారాకూ వేగంగా పోయే కార్లకూ పాత చుట్టరికం ఉంది. సరుకుతో పోలీసులకు చిక్కకుండా కొండదారుల్లో దూసుకుపోవడానికి రవాణాదారులు ఇంజన్లను సొంతంగా మార్చుకునేవారు. వాళ్లలో కొందరు తర్వాత కార్ల పందేలకు వెళ్లారు. జూనియర్ జాన్సన్ వంటి పేరుమోసిన రేసరు సారా బట్టీ కేసులో జైలుకు కూడా వెళ్లివచ్చాడు. ధారావాహికను సృష్టించిన గై వాల్డ్రన్ అంతకుముందు 1975లో ఉత్తర కరోలినాకు చెందిన ఒక సారా రవాణాదారుడి జీవితం ఆధారంగా ‘మూన్‌రన్నర్స్’ అనే సినిమా తీశారు. అందులోని కారు పేరు ‘ట్రావెలర్’. అది అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాదితో పోరాడిన దక్షిణాది సైన్యాధిపతి రాబర్ట్ ఇ. లీ స్వారీ చేసిన గుర్రం పేరు. టీవీకి వచ్చేసరికి గుర్రం పేరు పోయి, దాని రౌతు పేరు వచ్చింది.

ఆ పేరు, ఆ జెండా కథలో దేనికి? దక్షిణాది పల్లె కుర్రాళ్ల తలవంచని తత్వానికి గుర్తుగా పెట్టామన్నది ఆ ధారావాహిక వైపు నుంచి వినిపించే మాట. కథలో జాతి ద్వేషం పలికే సంభాషణ కోసం వెతికితే దొరకదు. దుర్మార్గుడు కూడా తెల్లవాడే, అధికారంలో ఉన్నవాడే. కారును సమర్థించేవారి వాదనకు బలం ఇక్కడే ఉంది.

ఎగిరిన కార్లు ఎన్ని

తెరమీద కారు ఒక్కటే. తెర వెనుక అది వందల కార్లు. ధారావాహిక మొత్తానికి వాడిన చార్జర్ల మీద అంచనాలు వేరువేరుగా ఉన్నా, మూడు వందలకు అటూ ఇటూ అన్నది సాధారణంగా వినిపించే సంఖ్య. దాన్ని 147 భాగాలకు పంచితే భాగానికి సగటున రెండు కార్లు వస్తాయి. అంటే శుక్రవారం రాత్రి పిల్లలు కేరింతలు కొట్టిన ప్రతి గంటకూ రెండు కార్లు వాడుకలోకి వచ్చాయన్నమాట.

ఇన్ని కార్లు కావలసి రావడానికి కారణం బరువు. చార్జర్‌లో ఇంజన్ ముందు ఉంటుంది. గాలిలోకి లేచిన కారు ముక్కు కిందికి వంగి, ముందు చక్రాలతో నేలను గుద్దుకుంటుంది. ఆ వాలును తగ్గించడానికి వెనుక డిక్కీలో ఇసుక బస్తాలో సిమెంటు దిమ్మలో వేసేవారు. దాంతో కారు గాలిలో తిన్నగా కనిపించేది. అయితే మొత్తం బరువు పెరిగి, పడేటప్పుడు దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది. అందంగా ఎగిరిన కారు మరోసారి ఎగరడం అరుదు. నేలకు తాకీ తాకకముందే దృశ్యం కత్తిరించి, తర్వాతి క్షణంలో చెక్కుచెదరని వేరే కారు పరుగెత్తడం చూపించేవారు.

1969 మోడల్ చార్జర్లు సుమారు 90 వేలు అమ్ముడయ్యాయి. అంత పెద్ద సంఖ్యలోంచి కూడా మంచి కార్లు దొరకడం కష్టమైంది. 1968 మోడల్ కార్ల ముందు జాలినీ వెనుక దీపాలనూ మార్చి 1969 మోడల్‌గా చూపించారు. చివరి సీజన్లలో చిన్న నమూనా బొమ్మలను ఎగరేశారు. ఆ తేడా కనిపెట్టి బాధపడ్డ పిల్లలు ఇప్పుడు యాభై దాటినవాళ్లు, ఆ బాధను ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎగిరిన మొదటి కారు జార్జియాలోనే ఒక తుక్కు యార్డులో ఏళ్ల తరబడి పడి ఉండి 2000లో బయటపడింది. దాన్ని బాగుచేశాక, 2012 వేలంలో బబ్బా వాట్సన్ అనే ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు లక్షా 10 వేల డాలర్లకు పాడుకున్నాడు.

పైకప్పు మీది జెండా ఏది

చాలామంది దీన్ని కాన్ఫెడరసీ జాతీయ జెండా అనుకుంటారు. కాదు. 1860-61లో అమెరికా నుంచి విడిపోయిన 11 దక్షిణాది రాష్ట్రాల కూటమికి కాన్ఫెడరసీ అని పేరు. దాని తొలి జాతీయ జెండాలో మూడు అడ్డపట్టీలు, మూలన నక్షత్రాల వలయం ఉండేవి. అది దూరం నుంచి అమెరికా జెండాలాగే కనిపించి యుద్ధభూమిలో గందరగోళం రేపింది. అందుకే సైన్యం గుర్తుపట్టడానికి వీలుగా X ఆకారపు నీలి గీతల యుద్ధ జెండా పుట్టింది. జనరల్ లీ నడిపిన ఉత్తర వర్జీనియా సైన్యం మోసిన జెండా చదరంగా ఉండేది. కారు మీద కనిపించే పొడవాటి ఆకారం కాన్ఫెడరసీ నౌకాదళానికీ, టెన్నెసీ సైన్యానికీ చెందిన రూపానికి దగ్గర. లీ పేరు మోసిన కారు మీద లీ సైన్యపు జెండా ఆకారం లేదు.

వివరం చిన్నదే కావచ్చు, అసలు సంగతి మాత్రం ఇక్కడే ఉంది. ఇది 1865లో యుద్ధంతో ముగిసిపోయిన గుర్తు కాదు, తర్వాతి కాలంలో మళ్లీ చేతికెత్తుకున్న గుర్తు. దాని రెండో జీవితం గురించి మాట్లాడకుండా మొదటి జీవితం గురించే మాట్లాడితే సగం కథే తెలుస్తుంది.

మొదటి జీవితం గురించి పెద్దగా సందేహాలు లేవు. కాన్ఫెడరసీ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో జార్జియాలోని సవానా నగరంలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న భావనే తమ ప్రభుత్వానికి పునాదిరాయి అని ప్రకటించాడు. మిసిసిపీ రాష్ట్రం విడిపోతూ చేసిన ప్రకటనలో తన స్థానాన్ని బానిసత్వ వ్యవస్థతోనే ముడిపెట్టుకుంది. యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమే అన్న వాదనకు వాళ్ల సొంత పత్రాలే అడ్డం నిలుస్తాయి.

రెండో జీవితం ఇరవయ్యో శతాబ్దిలో మొదలైంది. 1948లో నల్లవారి పౌరహక్కులను వ్యతిరేకించి డెమోక్రటిక్ పార్టీ నుంచి చీలిపోయిన దక్షిణాది నాయకుల సభల్లో ఈ జెండా రెపరెపలాడింది. బడుల్లో జాతుల వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రెండేళ్లకు, 1956లో, జార్జియా తన రాష్ట్ర జెండాలోకే ఈ గుర్తును తెచ్చుకుంది. దక్షిణ కరోలినా 1960ల మొదట్లో శాసనసభ భవనం గోపురం మీద దీన్ని ఎగరేసింది.

‘అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు’ అన్న మాట

సమర్థకులు తరచుగా చెప్పే మాట ఇది. కాస్త ఆగి చూడవలసిన మాట కూడా.

1978లో జార్జియాలో చిత్రీకరణ జరుగుతున్నప్పుడు ఆ యుద్ధ జెండా గుర్తు సాక్షాత్తూ రాష్ట్ర జెండాలోనే ఉంది. ప్రభుత్వ కార్యాలయాల మీద, బడుల మీద ఎగురుతూ ఉండేది. దాన్ని కారు మీద వేయడం అక్కడి తెల్ల నిర్మాణ బృందానికి వింతగా తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. కాబట్టి ‘మేం చెడు ఉద్దేశంతో పెట్టలేదు’ అన్నదాన్ని నమ్మవచ్చు.

అయితే ‘ఎవరూ’ అన్నది ఎవరిని కలుపుకొని అన్న మాట? జార్జియా జనాభాలో అప్పుడు నాలుగో వంతుకు పైగా నల్లజాతివారు. హజార్డ్ కౌంటీలో మాత్రం నల్లజాతి పాత్రలు చాలా అరుదు. బాగా గుర్తుండే ఒక్క పాత్ర పక్క కౌంటీ షెరిఫ్ లిటిల్, నటుడు డాన్ పెడ్రో కోలీ పోషించినది. ఆ జెండాను చూసి చిన్నబుచ్చుకోగల మనుషులు కథలోనే లేనప్పుడు, వాళ్ల అభ్యంతరం కథలో వినిపించదు. ఆ కాలంలో ఫిర్యాదు టీవీ దాకా చేరలేదన్నది నిజం. ఫిర్యాదే లేదన్నది వేరే మాట.

దీనికి దగ్గరి ఉదాహరణ అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీ. ధారావాహిక ముగిసి రెండేళ్లు కూడా నిండకముందే, 1987 జనవరి 17న అక్కడ ఒక చిన్న సమానత్వ ప్రదర్శన జరిగింది. 1912లో ఆ కౌంటీ నుంచి సుమారు 1,100 మంది నల్లవారిని ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయేలా తరిమేశారు. ఏడున్నర దశాబ్దాల తర్వాత కూడా నల్లజాతివారు అక్కడ దాదాపు లేరు. ప్రదర్శనకారుల మీద ఎదుటి గుంపు రాళ్లు, సీసాలు విసిరింది. ఆ గుంపు చేతుల్లో కాన్ఫెడరసీ జెండాలు ఉన్నాయి. వారం తిరిగేసరికి, జనవరి 24న, దాదాపు 20 వేల మంది అదే దారిలో మళ్లీ నడిచారు.

నేడు ఆ కౌంటీ జనాభా రెండున్నర లక్షలకు పైనే, అందులో ఆరో వంతుకు పైగా ఆసియా మూలాలవారు. ఆ కౌంటీ ముఖ్యపట్టణం కమ్మింగ్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అట్లాంటాలో బంధువులున్న ఎవరిని అడిగినా చెబుతారు. మన పిల్లలు చదువుకుంటున్న ఆ బడుల పరిసరాల చరిత్ర ఇంత దగ్గరిది. ఒకే దశాబ్దంలో ఒకే రాష్ట్రంలో అదే జెండా టీవీలో పిల్లలకు ఆటవస్తువు, రోడ్డు మీద రాయి పట్టుకున్నవాడికి తోడు.

2015లో నిజంగా ఏం జరిగింది

2015 జూన్ 17న దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో, ఇమాన్యుయేల్ చర్చిలో బైబిల్ పఠనానికి కూర్చున్న తొమ్మిది మంది నల్లజాతివారిని ఒక తెల్లజాతి యువకుడు కాల్చి చంపాడు. కాన్ఫెడరసీ జెండాతో అతను దిగిన ఫోటోలు బయటపడ్డాయి. కొద్ది రోజుల్లోనే పెద్ద దుకాణ సంస్థలు ఆ జెండా వస్తువుల అమ్మకం ఆపేశాయి. జెండా ఉన్న జనరల్ లీ బొమ్మలకు ఇకపై లైసెన్సు ఇవ్వబోమని హక్కుదారు వార్నర్ బ్రదర్స్ ప్రకటించింది. పాత భాగాలను పునఃప్రసారం చేస్తున్న టీవీ ల్యాండ్ ఛానల్ జులై మొదట్లో వాటిని నిలిపివేసింది. జులై 10న దక్షిణ కరోలినా శాసనసభ ఆవరణలోని జెండాను దించారు.

ఇవన్నీ ఒకే వారాల్లో జరగడం వల్ల ‘నిషేధం’ అనే ఒక్క మాటలోకి చేరిపోయాయి. విడదీసి చూద్దాం. పైకప్పు మీద జెండా ఉన్న బొమ్మ కారు ఒకటి, ధారావాహికలోని ఒక భాగం, ఒక అభిమాని తన షెడ్డులో చేయించుకున్న నిజమైన నకలు కారు. ఈ మూడింటికీ ఏమైంది? బొమ్మ తయారీ ఆగిపోయింది, ఎందుకంటే పేరు మీద హక్కున్న సంస్థ అనుమతి నిరాకరించింది. ఆ భాగం ఒక ఛానల్‌లో రావడం మానేసింది, కానీ డీవీడీలు కొన్నవారి ఇళ్లలో అలాగే ఉంది. షెడ్డులోని కారు జోలికి ఎవరూ రాలేదు, ఏ చట్టమూ దాన్ని ఆపదు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ పౌరుల వాక్‌స్వేచ్ఛ మీద చేయి వేయకుండా ప్రభుత్వాన్ని ఆపుతుంది. ఏది అమ్మాలో, ఏది ప్రసారం చేయాలో ఒక కంపెనీ తేల్చుకోవడానికి దాంతో సంబంధం లేదు. ఈ వరసలో ప్రభుత్వం చేసిన పని ఒక్కటే, శాసనసభ ఆవరణలో ప్రభుత్వమే ఎగరేసిన జెండాను చట్టం చేసి దించడం.

రెండు వైపులా ఉన్న మనుషులు

తగవును తెల్లవారికీ నల్లవారికీ మధ్యదిగా, లేదా చదువుకున్నవారికీ పల్లెవారికీ మధ్యదిగా చూపిస్తే సులువు. మనుషులు అంత సులువుగా ఒదగరు. మెకానిక్ కూటర్ పాత్ర వేసిన బెన్ జోన్స్ 1960లలో విద్యార్థిగా పౌరహక్కుల ఉద్యమంలో పాల్గొన్నవాడు, తర్వాత జార్జియా నుంచి డెమోక్రటిక్ పార్టీ తరఫున 1989 నుంచి 1993 దాకా పార్లమెంటు సభ్యుడు. కారును, జెండాను గట్టిగా సమర్థించేవారిలో ఆయన ముందుంటారు. ఒక హంతకుడు చేసిన పనికి తమ కుటుంబ కథను శిక్షించడం అన్యాయం అన్నది ఆ వైపు వాదన. బో పాత్రధారి జాన్ ష్నైడర్‌దీ దాదాపు అదే మాట. మరోవైపు, ఆ మొదటి కారును కొన్న దక్షిణాది తెల్లవాడు బబ్బా వాట్సన్ 2015 జులైలో దాని పైకప్పు మీద అమెరికా జెండా వేయిస్తానని ప్రకటించాడు. మనుషులంతా సమానమేనన్న తన నమ్మకాన్ని కారణంగా చెప్పాడు. ఆ నిర్ణయానికి చప్పట్లూ వచ్చాయి, చరిత్ర ఉన్న కారును పాడుచేశాడన్న తిట్లూ వచ్చాయి. ఇలినాయ్‌లోని వోలో ఆటో మ్యూజియం మాత్రం 2020లో మళ్లీ చర్చ రేగినప్పుడు తమ దగ్గరి కారును జెండాతో సహా ప్రదర్శనలోనే ఉంచుతామని చెప్పింది.

విమర్శకుల వాదన కూడా తరచుగా తప్పుగా వినిపిస్తుంది. ధారావాహిక చూసినవాళ్లంతా జాతి విద్వేషులని వాళ్లలో ఆలోచనాపరులు అనరు. వాళ్లు చెప్పేది ఇంకా లోతైనది: కథ మంచిదై, కుర్రాళ్లు అమాయకులై, కారు అందమైనదై ఉండటం వల్లనే ఆ జెండా భయపెట్టే చరిత్ర నుంచి విడిపడి నవ్వుతూ నట్టింట్లోకి వచ్చింది. పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ ఈ జెండా కారణంగానే 2000 నుంచి 2015 దాకా దక్షిణ కరోలినాను ఆర్థికంగా బహిష్కరించింది. అంటే అభ్యంతరం చార్లెస్టన్ తర్వాత పుట్టుకొచ్చినది కాదు. 2005లో వచ్చిన సినిమా రూపంలోనే, కారు అట్లాంటా వీధుల్లోకి రాగానే పక్క వాహనాలవాళ్లు ఆ పైకప్పు మీద మాటలు విసిరే సన్నివేశం ఉంది.

నా మట్టుకు విమర్శకుల మాటే చరిత్రకు దగ్గరగా కనిపిస్తుంది. అయినా ఎనిమిదేళ్ల వయసులో ఆ కారు ఎగరడం చూసి మంచం మీంచి దూకినవాడి జ్ఞాపకాన్ని అబద్ధం అనలేను. అతను చూసింది అతని ఇంటి సోఫా మీంచి. ఆ సోఫా మీంచి కనిపించనిది మరొక ఇంట్లోవాళ్లకు కనిపించింది.

హారను, రాష్ట్ర జెండా, ఊరి కూడలి

కారు హారను మోగించే 12 స్వరాలు ‘డిక్సీ’ పాటలోవి. ఆ పాట 1859లో, తెల్లవారు ముఖాలకు మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే న్యూయార్క్ రంగస్థలం మీద పుట్టింది. తర్వాత కాన్ఫెడరసీ దాన్ని తన పాటగా చేసుకుంది. 1865 ఏప్రిల్‌లో లీ లొంగిపోయిన మర్నాడు అధ్యక్షుడు లింకన్ వాషింగ్టన్‌లో బ్యాండు చేత అదే పాట వాయించుకున్నాడు. పైకప్పు మీద అంత చర్చ జరిగినా హారను మీద జరగలేదు, ఆ స్వరాలను గుర్తుపట్టేవారు ఇప్పుడు తక్కువ.

గుర్తుపట్టడం మీద ఎంత ఆధారపడి ఉందో జార్జియాయే చూపిస్తుంది. 2001లో రాష్ట్ర జెండాలోని యుద్ధ జెండా గుర్తు ప్రాముఖ్యాన్ని తగ్గించారు. 2003లో దాన్ని పూర్తిగా తీసేసి కొత్త జెండా తెచ్చారు. మూడు అడ్డపట్టీలు, మూలన నక్షత్రాల వలయం. అది కాన్ఫెడరసీ అసలు జాతీయ జెండాను చాలా దగ్గరగా పోలి ఉంటుంది. కమ్మింగ్‌లో డ్రైవింగ్ లైసెన్సు కోసం వరసలో నిలబడ్డవారు రోజూ దాన్ని చూస్తారు, ఎవరూ ఉలిక్కిపడరు.

ధారావాహిక మొదటి ఐదు భాగాలను హాలీవుడ్‌కు మారకముందు కావింగ్టన్ ఊళ్లోనూ ఆ పరిసరాల్లోనూ తీశారు. హజార్డ్ ఊరి నడిబొడ్డుగా తెరమీద కనిపించినది కావింగ్టన్ కూడలి. ఆ కూడలి మధ్యలో ఒక కాన్ఫెడరసీ సైనికుడి విగ్రహం ఉంది. 2020 జులైలో, ఆ ఊరున్న న్యూటన్ కౌంటీ కమిషనర్లు దాన్ని తొలగించాలని ఓటు వేశారు. వ్యతిరేకులు కోర్టుకు వెళ్లారు. 2022లో జార్జియా సుప్రీంకోర్టు విగ్రహం ఉండాలా పోవాలా అన్నది తేల్చలేదు. ఇలాంటి దావా వేసే హక్కు ఎవరికి ఉంటుందన్న ప్రశ్నకే జవాబిచ్చి, ఆ కౌంటీ పౌరురాలి దావాను ముందుకు సాగనిచ్చి, మిగతా సంఘాలకు ఆ హక్కు లేదంది. పాత భాగాలు చూడటానికి ఇష్టపడే అభిమానులు ఇప్పటికీ ఆ కూడలికి వచ్చి, కారు మలుపు తిరిగిన మూలను వెతుక్కుని ఫోటోలు తీసుకుంటారు.